ప్రాస కుదిరితే చాలదు: పాత బొమ్మ పక్కన కొత్త బొమ్మ

ఫ్రెంచ్ చిత్రకారుడు జాక్-లూయీ డేవిడ్ వేసిన నెపోలియన్ బొమ్మ చాలామంది చూసే ఉంటారు. తెల్ల గుర్రం ముందుకాళ్లు లేపి ఉంటుంది, మీద కూర్చున్న మనిషి చెయ్యి చాపి కొండ పైకి చూపిస్తుంటాడు. చూడనిది బహుశా ఎడమవైపు కింద మూల. అక్కడ రాళ్ల మీద మూడు పేర్లు చెక్కి ఉంటాయి: బోనపార్ట్, హానిబల్, కారొలస్ మాగ్నస్. మూడోది షార్లమేన్ చక్రవర్తి లాటిన్ పేరు. పూర్వం సైన్యాలతో ఆల్ప్స్ కొండలు దాటిన ఆ ఇద్దరి వరసలోనే ఇతన్నీ చేర్చమని అర్థం. మన ఊళ్లలో ఫ్లెక్సీ మీద కొత్త నాయకుడి నిలువెత్తు ఫోటో వేసి, పైన గుండ్రటి చట్రాల్లో పార్టీ పెద్దల మొహాలు పెట్టినట్టే.

2005లో అమెరికన్ చిత్రకారుడు కెహిండే వైలీ ఈ బొమ్మను మళ్లీ వేశాడు. గుర్రం అదే, భంగిమ అదే, చాపిన చెయ్యి అదే. ఎక్కినవాడు మాత్రం మిలిటరీ మచ్చల బట్టలు, టింబర్‌ల్యాండ్ బూట్లు వేసుకున్న నల్లజాతి యువకుడు. వెనక ఆల్ప్స్ పోయి, ఎర్రటి జరీ గుడ్డ లాంటి డిజైను వచ్చింది. దగ్గరికెళ్లి చూస్తే ఆ డిజైన్లో వీర్యకణాల ఆకారాలు ఈదుతుంటాయి. రాళ్ల మీద నాలుగో పేరు కూడా చేరింది: విలియమ్స్.

ఈ రెండూ 2019 అక్టోబర్‌లో పారిస్ దగ్గర మాల్మేజోన్ కోటలో, ఆ తర్వాత 2020 జనవరిలో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియంలో ఒకే ప్రదర్శనలో కలిశాయి. మాల్మేజోన్‌ది డేవిడ్ వేసిన మొదటి ప్రతి (ఆయన మొత్తం ఐదు వేశాడు), వైలీది బ్రూక్లిన్ వాళ్ల సొంత సేకరణ. అప్పటిదాకా వైలీ బొమ్మ ముందు నిలబడ్డవాళ్లు డేవిడ్‌ను గుర్తు తెచ్చుకుని పోల్చుకోవాల్సి వచ్చేది. ఇక్కడ ఆ అవసరం లేకపోయింది.

పోల్చగానే ముందుగా దెబ్బతినేది కొత్త బొమ్మేనని ఎవరైనా అనుకుంటారు. జరిగేది వేరు. వైలీ నాటకం ఆడుతున్నాడని ఎలాగూ తెలుసు, వీధిలో కనిపించిన కుర్రాడిని తెచ్చి రాజు వేషం కట్టాడు. ఆ నాటకం పక్కన నిలబెట్టేసరికి డేవిడ్ బొమ్మలోని నాటకం బయటపడుతుంది. 1800 మే నెలలో నెపోలియన్ కొండ దాటింది గుర్రం మీద కాదు, కంచరగాడిద మీద. అదీ సైన్యం ముందు నడిచి కాదు, వెనకాల కొన్నాళ్లకు. బొమ్మ కోసం ఒక్కసారి కూడా డేవిడ్ ముందు కూర్చోలేదు. డేవిడ్ తన కొడుకును నిచ్చెన ఎక్కించి, ఆ భంగిమ చూసి వేసుకున్నాడు. కంచరగాడిద మీద చలికి ముడుచుకుని కూర్చున్న నెపోలియన్‌ను పాల్ డెలరోష్ 1850 ప్రాంతంలో వేశాడు కానీ, ఆ బొమ్మను టీ కప్పుల మీద ఎవరూ అచ్చు వేయరు. వైలీది వేషమైతే డేవిడ్‌దీ వేషమే. రెండువందల ఏళ్లు చరిత్రగా చలామణి అయిన బొమ్మ అసలు ప్రచార బొమ్మ అని చెప్పడానికి ఇక లేబుల్ కూడా అక్కర్లేదు.

తెలుగువాళ్లకు దీన్ని అర్థం చేసుకోవడానికి చేతికందే పోలిక అవధానంలో ఉంది. పృచ్ఛకుడు సమస్యగా ఒక పాదం ఇస్తాడు. వినగానే అది అసంబద్ధంగానో, తప్పుగానో, ఒక్కోసారి బూతుగానో ఉంటుంది. అవధాని దానికి ముందు మూడు పాదాలు కడతాడు. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం మారదు, అర్థం మాత్రం మొత్తం మారిపోతుంది. మ్యూజియం పరిస్థితీ అంతే. పాత బొమ్మ మీద ఒక్క గీత కూడా గీయడానికి వీల్లేదు. చేయగలిగిందల్లా దాని పక్కన ఏది ఉండాలో నిర్ణయించడమే. అయితే పూరణ విన్న ప్రతివాళ్లకూ తెలిసిన సంగతి ఇంకోటి ఉంది. ప్రాస కుదిరినంత మాత్రాన చప్పట్లు పడవు.

మ్యూజియంలలో ప్రాస కుదర్చడం చాలా తేలిక. రెండు బొమ్మల్లోనూ నీళ్లుంటే చాలు, రెండింట్లోనూ వలయాలుంటే చాలు, నీలం రంగుంటే చాలు. ఇందుకు ఎక్కువగా మాటలు పడింది లండన్‌లోని టేట్ మోడర్న్. 2000 మే నెలలో తెరిచినప్పుడు అక్కడ కాలక్రమం పక్కనపెట్టి, మొత్తం సేకరణను ప్రకృతిదృశ్యం, నిశ్చలచిత్రం, నగ్నచిత్రం, చరిత్ర అనే నాలుగు పాత విభాగాలకు ఆధునిక పేర్లు తగిలించి పంచారు. ఒక గదిలో ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే వేసిన కలువల కొలను ఉంది, దానికి తోడుగా బ్రిటిష్ కళాకారుడు రిచర్డ్ లాంగ్ గోడ మీద బురదతో చేసిన పని, నేల మీద పలకరాళ్ల వలయం ఉన్నాయి. ఇద్దరికీ ప్రకృతి అంటే ఇష్టమే. అయితే ఏంటి? మోనే తన తోటలో తాను తవ్వించుకున్న కొలనును, చూపు మందగిస్తున్న వయసులో, ఏళ్ల తరబడి వేశాడు. లాంగ్ ఊళ్లు దాటి నడుస్తూ, దారిలో దొరికిన రాళ్లనూ మట్టినీ వాడుకున్నాడు. ఈ రెండు పనుల మధ్య తగాదా లేదు, బాకీ లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశల చిత్రాలు టేట్ దగ్గర పలచగా ఉన్నాయని, ఆ ఖాళీలు కనపడకుండా ఉండటానికే కాలక్రమం తీసేశారని విమర్శకులు అప్పుడే అన్నారు. అందులో నిజం ఎంతున్నా, అనుమానం రావడానికి కారణం మాత్రం ఆ జతలు బలంగా లేకపోవడమే.

కాలక్రమాన్నీ, వస్తువు రకాన్నీ బట్టి సర్దే పద్ధతిని తీసిపారేయడానికీ లేదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో దంతం ఒక గది, జేడ్ రాయి ఒక గది, ఆయుధాలు ఒక గది, గడియారాలు ఒక గది. ఈ పద్ధతి చూసేవాళ్ల మీద ఏ అభిప్రాయమూ రుద్దదు. గంట కొట్టే బొమ్మ బయటికి రావడం చూడటానికి గడియారం ముందు జనం గుమిగూడతారు, చూసి వెళ్లిపోతారు. కానీ ఆ గదుల్లో వస్తువు ఎక్కడిదో తెలుస్తుంది తప్ప, అది ఎవరితో మాట్లాడుతోందో తెలియదు. దంతం గదిలో ఏనుగు గురించి ఎవరూ అడగరు.

అడిగించడం ఎలాగో చూపించిన ప్రదర్శన 1992లో అమెరికాలోని బాల్టిమోర్‌లో జరిగింది. ఫ్రెడ్ విల్సన్ అనే కళాకారుడిని మేరీలాండ్ హిస్టారికల్ సొసైటీ తన గోదాముల్లోకి పంపింది, నీకు నచ్చినట్టు సర్దుకో అంది. ఆయన కొత్త బొమ్మలు తెచ్చి పెట్టలేదు. ఉన్నవాటినే వెతికి తీశాడు. ఒక అద్దాల బీరువాలో వెండి కూజాలు, గిన్నెలు పెట్టాడు. పూలూ ఆకులూ ఉబ్బెత్తుగా కొట్టిన, బాల్టిమోర్‌కు పేరు తెచ్చిన నగిషీ పని. వాటి మధ్యలో, అదే దీపాల కింద, బానిసల కాళ్లకు వేసే ఇనుప సంకెళ్లు. లేబుల్ మీద ఉన్నది ఇంతే: లోహపు పని, 1793–1880. తిట్టు లేదు, వివరణ లేదు. మ్యూజియం భాషలో చూస్తే అందులో ఒక్క తప్పు కూడా లేదు, రెండూ లోహంతో చేసినవే. ఇన్నేళ్లూ వెండిని హాల్లోనూ సంకెళ్లను గోదాములోనూ ఉంచింది ఎవరు, ఎందుకు అన్న ప్రశ్న మాత్రం చూసినవాళ్ల వెంట ఇంటిదాకా వెళ్తుంది. ఆ వెండి కొన్న డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ సంకెళ్లకు తెలుసు. ఆ జతలో ఉన్నది బాకీ.

ఈ బాకీ లెక్కతో చూస్తే, గత కొన్నేళ్లలో ఎక్కువ చర్చ జరిగిన జత న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లోది. అందరూ మోమా అంటారు. 2019 అక్టోబర్ 21న విస్తరణ పనుల తర్వాత తలుపులు తెరిచినప్పుడు, పికాసో 1907లో వేసిన ‘అవిన్యోన్ యువతులు’ ఉన్న గదిలోకి అమెరికన్ నల్లజాతి చిత్రకారిణి ఫెయిత్ రింగ్‌గోల్డ్ 1967లో వేసిన ‘డై’ వచ్చింది. డై అంటే ఇక్కడ ‘చావు’.

పికాసో బొమ్మ ఎనిమిది అడుగుల ఎత్తు. ఐదుగురు ఆడవాళ్లు, వేశ్యాగృహం. కుడివైపు ఇద్దరి మొహాలు ముసుగుల్లా ఉంటాయి. పారిస్‌లోని ఒక మ్యూజియంలో ఆఫ్రికా ముసుగులు చూసి వచ్చాక వచ్చిన మార్పు అది. మోమా 1939 నుంచి ఈ బొమ్మను ఆధునిక కళకు మొదటి మెట్టుగా చూపిస్తూ వచ్చింది. అంతదాకా అందులో చూడమన్నవి కోణాలు, సమతలాలు, రూపం ముక్కలవడం.

రింగ్‌గోల్డ్ బొమ్మ పన్నెండు అడుగుల వెడల్పు, రెండు కాన్వాసులు కలిపి వేసింది. ఆఫీసు బట్టలు, పార్టీ బట్టలు వేసుకున్న తెల్లవాళ్లూ నల్లవాళ్లూ పరుగెత్తుతున్నారు, పడిపోతున్నారు, ఒకళ్లనొకళ్లు పొడుచుకుంటున్నారు. ఒక చోట తుపాకీ, ఒక చోట కత్తి. అందరి మీదా రక్తం, కానీ ఎవరి రక్తమో చెప్పలేం. వెనక ఫుట్‌పాత్ రాళ్లలాంటి బూడిదరంగు గళ్లు. మధ్యలో ఇద్దరు పిల్లలు, ఒక నల్లమ్మాయి, ఒక తెల్లబ్బాయి, ఒకరినొకరు గట్టిగా పట్టుకుని ఉంటారు. అమెరికా నగరాలు న్యూవార్క్, డెట్రాయిట్ జాతి అల్లర్లలో తగలబడిన ఏడాది అది.

ఈ గదిలో పికాసో ఆడవాళ్లను చూసిన కళ్లతో రింగ్‌గోల్డ్ ఆడవాళ్లను చూసినప్పుడు, మళ్లీ వెనక్కి తిరిగినప్పుడు, ఆ ముసుగులు ఇక కేవలం ‘రూపం’లా కనపడవు. ఎవరి మొహాలు ఎవరు తెచ్చుకున్నారు, ఎవరి ఒంటికి తగిలించారు అనే మాట వస్తుంది. రెండో వైపు నుంచీ ఇంతే. ఎవరైనా ‘డై’ని కేవలం నిరసన పోస్టర్ అని కొట్టిపారేయాలనుకుంటే, పక్కనున్న పికాసో ఒప్పుకోడు. ఆ గుంపును ఆమె ఎంత లెక్కగా కట్టిందో, కళ్లు ఎటు నుంచి ఎటు పరుగెత్తాలో ఎలా నిర్ణయించిందో అక్కడ తెలుస్తుంది.

జతకు బలం ఇచ్చే సంగతి గోడ మీద కనపడదు. 1960ల్లో రింగ్‌గోల్డ్ ఇదే మ్యూజియానికి వచ్చి చూసేది. నల్లజాతి కళాకారులకు చోటివ్వాలని ఆ దశకం చివర్లో దాని బయట నిరసన చేసినవాళ్లలోనూ ఆమె ఉంది. ‘డై’ని మోమా కొన్నది 2016లో, అంటే వేసిన 49 ఏళ్లకు. గేటు బయట నినాదాలు చేసిన మనిషి బొమ్మ లోపల పికాసో గదిలో పెట్టడం అంటే, మ్యూజియం తన మీద తాను కట్టుకున్న జరిమానా లాంటిది.

అయినా ఇందులో ఒక చిక్కుంది, చాలా సమీక్షలు దాన్ని తొందరగా దాటేశాయి. రింగ్‌గోల్డ్ మోమాకు వచ్చి మళ్లీ మళ్లీ చూసింది పికాసో వేసిన మరో బొమ్మ ‘గెర్నికా’ను. 1981 దాకా అది న్యూయార్క్‌లోనే ఉంది, తర్వాత స్పెయిన్‌కు వెళ్లిపోయింది. ‘డై’లోని వెడల్పు, గుంపు, బూడిదరంగు, అన్నీ దాంతో మాట్లాడేవే. గెర్నికా లేదు కాబట్టి ఆ కుర్చీలో అవిన్యోన్ యువతులను కూర్చోబెట్టారు. పూరణ బ్రహ్మాండంగా ఉంది, కానీ అది ఇంకో సమస్యకు చేసిన పూరణ. అవిన్యోన్ యువతులకు రింగ్‌గోల్డ్ నేరుగా ఇచ్చిన జవాబు వేరే ఉంది: 1991లో ఆమె బొంతగుడ్డ మీద వేసిన ‘పికాసో స్టూడియో’. అందులో ఒక నల్లజాతి మోడల్ పికాసో ముందు కూర్చుని ఉంటుంది, వెనక ఆ ఐదుగురు యువతులు. అంచుల్లో చేతిరాతతో కథ. అది మసాచుసెట్స్‌లోని వుస్టర్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. మ్యూజియం తన దగ్గరున్న సరుకుతోనే జతలు కడుతుంది, అన్ని జతల్లోనూ ఈ సర్దుబాటు కొంత ఉంటుంది. దాన్ని లేబుల్ మీద ఒప్పుకుంటే పోయేదేమీ లేదు.

డబ్బు సంగతి కూడా ఉంది. చచ్చిపోయిన మహానుభావుల పక్కన వేలాడితే బతికున్న కళాకారుడి మార్కెట్ ధర పెరుగుతుంది, ఆ బొమ్మలు ముందే కొని పెట్టుకున్నవాళ్లకు లాభం. 2008లో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ కోటలో అమెరికన్ శిల్పి జెఫ్ కూన్స్ బొమ్మలు పెట్టినప్పుడు, వాటిలో కొన్ని సంపన్నుడు ఫ్రాన్స్వా పినోవి. అప్పుడు వెర్సాయ్ అధ్యక్షుడిగా ఉన్నాయన అంతకుముందు పినో వెనిస్ మ్యూజియానికి డైరెక్టర్. తప్పు జరిగిందని దీనర్థం కాదు. కానీ ‘సంభాషణ’ అనే మాట ప్రదర్శన సర్దే క్యూరేటర్ నోట వినగానే, ఈ సంభాషణకు టీ ఖర్చులు ఎవరు పెట్టుకున్నారో కనుక్కోవడం మంచిది.

ఇంత చర్చా అయ్యాక చివరికి పని అంతా వెలుతురు దగ్గరే ఆగుతుంది. కాగితం మీద వేసిన రంగులు వెలిసిపోతాయి కాబట్టి, మన సూక్ష్మచిత్రాల లాంటివాటికి సాధారణంగా 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వరు. తైలవర్ణాలకు 200 దాకా ఇస్తారు. ఇప్పుడు ఆ 50 లక్స్ సూక్ష్మచిత్రం పక్కన ఒక వీడియో తెరనో, లైట్‌బాక్స్‌నో పెట్టండి. కంటి పాప వెలుగుకు తగ్గట్టు ముడుచుకుంటుంది, పాత బొమ్మ చీకట్లో మునిగిపోతుంది. లేబుల్‌లో ఎంత గౌరవం రాసినా, గదిలో గెలిచేది తెరే. గోడ మధ్యలో పెట్టడం, పక్కగోడ మీద వేయడం, ఎదురెదురుగా వేలాడదీయడం, ఇవన్నీ వేర్వేరు వాక్యాలు. పక్కపక్కన పెడితే పోల్చమన్నట్టు, ఎదురెదురుగా పెడితే చూసేవాడిని మధ్యలో నిలబెట్టి సాక్షిని చేసినట్టు. క్యూరేటర్ టెన్షన్ పడేది సిద్ధాంతం కంటే ఈ అడుగుల లెక్క గురించే.

మన దేశంలో ఈ పనిని పట్టుదలగా చేస్తున్న చోటు ముంబైలోని డాక్టర్ భావ్ దాజీ లాడ్ మ్యూజియం. 1872లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ పేరుతో తెరిచిన భవనం, మరమ్మతుల తర్వాత 2008లో మళ్లీ తెరుచుకుంది. అక్కడి బీరువాల్లో బొంబాయి కులాలు, వృత్తులు, వేషాలను చూపించే చిన్న మట్టిబొమ్మలుంటాయి. తెల్లదొరల లెక్కల పుస్తకం బొమ్మలైతే అలాగే ఉంటుంది: ప్రతి మనిషీ ఒక రకం, కదలకుండా, శుభ్రంగా. 2011లో ముంబై కళాకారుడు జితీశ్ కల్లట్ అక్కడ చేసిన ప్రదర్శనలో అలాంటి చిన్న రంగుల బొమ్మలే పెట్టాడు, కాకపోతే అవి వీధి కొట్లాటలో ఉన్న జనం. బీరువాలోని ‘రకాలు’ రోడ్డు మీదికొస్తే ఏమవుతుందో అది చూపించింది. ప్రాసా కుదిరింది, తగాదా కూడా ఉంది.

కళాకారిణి ఎన్. పుష్పమాల చేసిన పనినీ ఇక్కడ చెప్పుకోవాలి. 2000–2004 మధ్య ఫోటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి తీసిన ఫోటోల్లో ఆమె రాజా రవివర్మ 1889 నాటి ‘వెన్నెల్లో వనిత’గా తానే కూర్చుంది. చీర, నీళ్లు, చంద్రుడు అన్నీ ఉన్నాయి, తెర కట్టిన స్టూడియో అని కూడా తెలుస్తుంది. క్యాలెండర్ల పుణ్యమా అని రవివర్మ ఆడవాళ్లను చూస్తూ పెరిగిన ఇళ్లలో ఈ ఫోటో చేసే పని, వైలీ నెపోలియన్ బ్రూక్లిన్‌లో చేసిన పనికి దగ్గరగా ఉంటుంది. ఇక నళినీ మలానీ 2023లో లండన్ నేషనల్ గ్యాలరీలో, అక్కడి పాత యూరోపియన్ చిత్రాల ముక్కలను ఐప్యాడ్ మీద గీసిన యానిమేషన్లలో కలిపి గోడల మీద ఆడించింది. కరాచీలో పుట్టి, విభజన వల్ల ఇటు వచ్చిన మనిషి ఆ బొమ్మల మీద గీతలు గీస్తుంటే, పాత యూరప్ సొత్తు ఎవరిదన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది.

ఈ జతల లెక్క మన దగ్గర తప్పే చోటు ఇంకోటుంది. ‘పాతది’, ‘సమకాలీనం’ అని విడదీయాలంటే పాతది అయిపోయి ఉండాలి. యూరప్ మ్యూజియంలో మేరీమాత బొమ్మ ముందు మోకాళ్లూనేవాళ్లు అరుదు. మన మ్యూజియంలలో రాతి విగ్రహం కనపడగానే చేతులు జోడించేవాళ్లు, పాదాల దగ్గర రూపాయి బిళ్ల పెట్టి పోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ విగ్రహం పక్కన ఒక కొత్త శిల్పాన్ని నిలబెడితే, క్యూరేటర్ అనుకున్నది ఇద్దరి సంభాషణ అయినా, జరిగేది ముగ్గురిది.

చేర్యాల పటాలది మరో రకం చిక్కు. గుడ్డ మీద చింతగింజల జిగురు, సుద్ద పూసి, ఎర్రటి నేపథ్యం మీద కులపురాణాలు గీసే నకాషీ కుటుంబాలు నేడు కూడా సిద్దిపేట జిల్లాలో పని చేస్తున్నాయి. కథ చెప్పేవాళ్లు పటం విప్పుకుంటూ చూపించిన బొమ్మలే, ఇప్పుడు గోడకు తగిలించే సైజుల్లో కూడా వస్తున్నాయి. ఆ పటాన్ని చూసి ప్రభావితుడైన ఆర్ట్ కాలేజీ చిత్రకారుడి కాన్వాస్ పక్కన వేస్తే, ఆ గోడ మీద పాతది పటం, కొత్తది కాన్వాస్ అన్నట్టు చదువుతాం. ఆ పటం కిందటి నెలలో గీసింది కావచ్చు, కాన్వాస్ నలభై ఏళ్ల కిందటిది కావచ్చు. అయినా కాన్వాస్ కింద మనిషి పేరు, సంవత్సరం ఉంటాయి. పటం కింద చాలాచోట్ల ఉండేది ఊరి పేరు, పక్కన ‘సంప్రదాయ శైలి’ అన్న మాట.